ఫోల్కె వాటాకొచ్చిన మౌజర్

స్వీడన్‌లో మీర్‌సెలె అనే ఊళ్ళో ఎవరైనా కన్నుమూస్తే మొదట ఆ గడప తొక్కేది పాస్టరు. రెండోవాడు ఫోల్కె నోర్డిన్. పెట్రోలు బంకులో కొన్న కేకు చంకన పెట్టుకుని వస్తాడు. టోపీ తీసి గుండెకి ఆనించుకుంటాడు. రెండు కప్పుల కాఫీ తాగేదాకా చనిపోయినవాడి మంచితనం తప్ప మరో మాట ఎత్తడు. మూడో కప్పు పోస్తుండగా మెల్లిగా అంటాడు: "అన్నట్టు వదినా, ఆయన తుపాకీ సంగతి ఏమనుకుంటున్నారు?"

పిండం ముట్టే కాకికైనా కొంత మర్యాద ఉంటుంది, పిలిస్తేగానీ రాదు. ఫోల్కెని పిలవక్కర్లేదు. పొద్దున్నే పేపరు రాగానే చావుకబుర్ల పేజీ తీసి, నుదుటి మీది కళ్ళజోడు ముక్కు మీదికి దించి, పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ కూర్చుంటాడు. అతని భార్య గున్వోర్ బళ్ళో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండే మనిషి. పనికి వెళ్ళబోతూ పొయ్యి మీద జావ కలుపుతుంటే వెనకాల ఆ పెన్సిలు గీకుడు వినబడేది. ఒళ్ళు మండిపోయేది ఆవిడకి.

"ఇవాళెవరు పోయారు?" అని అడిగింది ఒకరోజు.

"మంచి ఆరున్నర మిల్లీమీటర్ల తుపాకీ పోయింది," అన్నాడు ఫోల్కె తలెత్తకుండా.

"నేనడిగింది మనిషి పేరయ్యా!"

పేరు కోసం ఫోల్కె మళ్ళీ పేపరులో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఈ మనిషి పుట్టుకతోనే ఇలా లేడు. వాళ్ళ నాన్న ఆల్బిన్‌కి ఏటి అవతల పైన్ అడవి ఉండేది, చెప్పుకోదగ్గ అడవే. ఆ దేశంలో నేల ఎవరిదైతే దాని మీద వేట కూడా వాళ్ళదే. అందుకని ఆల్బిన్ ఊరి వేటజట్టులో చివరిదాకా ఉన్నాడు. మూస్ దుప్పిని కొట్టడంలో పెద్ద పేరేమీ లేదుగానీ, చెప్పిన చోట కదలకుండా నిలబడేవాడని మంచి పేరుంది. తండ్రి పోయిన ఏడాదే ఫోల్కె అడవి మొత్తం కాగితం మిల్లుకి అమ్మేశాడు. ఆ డబ్బుతో పట్నంలో డ్రైవింగు స్కూలు పెట్టాడు. "చెట్టు ఎదగడానికి నూరేళ్ళు పడుతుంది, అప్పటిదాకా నేనుంటానా?" అనేవాడు. చెట్టు తన కోసమే ఎదగాలనుకునేవాడికి ఇంకెవరు ఏం చెబుతారు?

చెప్పినవాడు లేకపోలేదు. వేటజట్టు పెద్ద సిక్స్‌టెన్ అప్పట్లోనే దుకాణం ముందు ఆపి మరీ చెప్పాడు: "ఒరే ఫోల్కె, అడవితో పాటు వేట కూడా పోతుందిరా. తర్వాత ఏడ్చినా రాదు."

"దుప్పి వెనకాల బురదలో పరిగెత్తడం నా వల్ల కాదన్నా. మీరు పరిగెత్తండి," అన్నాడు ఫోల్కె. అప్పుడతనికి మీసం నల్లగా ఉంది, కొత్త కారుంది.

మీసం నెరిశాక తెలిసొచ్చింది. ఆ ఊళ్ళో ఆకు రాలే కాలం వచ్చిందంటే వేట తప్ప ఇంకో మాట ఉండదు. దుకాణంలో వేట, పోస్టాఫీసులో వేట, చర్చి మెట్ల మీద వేట. బడికి కూడా సెలవిచ్చేస్తారు. జట్టులో లేని మగవాడు ఆ రోజుల్లో ఊళ్ళో ఉన్నా లేనట్టే. ఫోల్కె దుకాణంలోకి వస్తే మాటలు ఆగేవి కావు. ఆగి ఉంటే బాగుండేది. అతను లేనట్టే, అతని భుజం మీంచి సాగిపోయేవి. ప్రతి ఏడూ అతను సిక్స్‌టెన్‌ని ఏదో వంకన కలిసేవాడు, ఏమన్నా చోటు ఖాళీ అయిందా అన్నట్టు మాట కలిపేవాడు. సిక్స్‌టెన్ "చూద్దాం" అనేవాడు. ఆ ఊళ్ళో చూద్దాం అంటే కుదరదని అర్థం.

అదిగో, ఆ ఉక్రోషంలో ఉండగా పళ్ళ డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చుని ఒక పాత పత్రిక తిరగేశాడు. ఇంగ్లండులో ఎవరో పెద్దమనిషి వాడిన పాతకాలపు బోల్టు తుపాకీ, గడియలా లాగి గుండు ఎక్కించే జింకల వేటది, వేలంలో ఇంటి ధర పలికిందట. ఫోల్కె పన్ను పీకించుకుని ఇంటికొచ్చాడు. వాచిన బుగ్గతోనే చెప్పాడు భార్యకి, "గున్వోర్, నేను పెట్టుబడి పెట్టబోతున్నాను" అని.

అడవి అమ్ముకున్నవాడు తుపాకులు కొనడం మొదలెట్టాడు. తాను దూర కంత లేదు, మెడకో డోలు!

అక్కడ ఒక్కో వేటగాడు ఎన్ని తుపాకులు ఉంచుకోవచ్చో పోలీసులే లెక్క పెడతారు. తాతల నాటి బోల్టు తుపాకీ లేని ఇల్లు లేదు, ఆ లెక్క నిండిపోతుందని ఇంకోటి కొనేవాడూ లేడు. పట్నంలో తుపాకుల కొట్టువాడు చేతులు జోడించి మరీ చెప్పాడు: "ఫోల్కె, ఇవి ఊరికే ఇస్తానన్నా తీసుకుపోయేవాడు లేక గోదాములో కట్టెల్లా పేర్చానయ్యా."

"అందుకే కదా కొంటున్నది," అన్నాడు ఫోల్కె కన్ను గీటి. "అందరూ పారేస్తున్నప్పుడే కొనాలి." కొట్టువాడు తనని బెదరగొట్టి ధర దించాలని చూస్తున్నాడని అతని నమ్మకం. కొట్టువాడు అమ్మేవాడు కదా, ధర ఎందుకు దించుకుంటాడన్న ఆలోచన ఆ బుర్రలోకి దూరలేదు.

పోలీసుల దగ్గర పాత తుపాకులు సేకరించేవాడిగా అనుమతి సంపాదించాడు. నేలమాళిగలో గున్వోర్ జాము సీసాలన్నీ మెట్ల కిందికి తోసేసి అక్కడ ఇనప బీరువా నిలబెట్టాడు. తుపాకులు ఒక్కొక్కటే చేరాయి. ఆదివారం పూట తెల్ల నూలు తొడుగులు చేతులకి వేసుకుని, ఒక్కోదాన్నీ బయటికి తీసి, గొట్టానికి నూనె రాసి, బోల్టు లాగి, మూసి, మళ్ళీ లోపల పెట్టేవాడు. ఏ ఒక్కదాన్నీ ఒక్కసారి పేల్చలేదు. పేలిస్తే విలువ పడిపోతుందట. చచ్చినవాళ్ళ చేతుల్లో మంచులో వానలో నలిగిన తుపాకులు, ఫోల్కె చేతిలో పడి పెళ్ళికూతుళ్ళయ్యాయి.

ఎల్సీ అనే ముసలావిడ దగ్గర ఎలా కొన్నాడో ఊరంతా చెప్పుకుంటారు. భర్త పోయిన వారానికి వెళ్ళి, గొట్టంలోకి తొంగిచూసి పెదవి విరిచాడు. "లోపలంతా తుప్పే వదినా. పోలీసులకి అప్పజెప్పాలన్నా బోలెడు తిరగాలి. ఆ తలనొప్పి నేను పడతాలెండి," అన్నాడు. కారుకి మంచులో వేసే టైర్లకయ్యేపాటి డబ్బు చేతిలో పెట్టి పట్టుకుపోయాడు. ఆర్నెల్ల తర్వాత ఆవిడ దుకాణంలో ఎదురై, మనసు ఆగక, "మా ఆయన తుపాకీ బాగుందా ఫోల్కె?" అని అడిగింది.

"మీది ఏదమ్మా?" అన్నాడు ఫోల్కె. నిజంగానే గుర్తు లేదు వాడికి. ఇలాంటివాణ్ణి ఏమనాలో నాకైతే తెలుగులో చాలా మాటలే తెలుసుగానీ, రాయదగ్గవి కావు.

అన్ని తుపాకులున్నా అతనికి నిద్ర పట్టనివ్వనిది ఒకటుంది. అది పక్కింటి ఎగోన్‌ది. ఎగోన్ పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, ఫోల్కెతో ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు, జట్టులో పాతకాపు. అతని తండ్రి ఎక్కడో కొన్న మౌజర్ అది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీలో వేట కోసమే చేసిన బోల్టు తుపాకీ. గొట్టం మీద ఏ నంబరుందో బోల్టు మీదా అదే నంబరు, అంటే ఏ భాగమూ మార్చలేదన్నమాట. నీలిపూత ఎక్కడా చెదరలేదు. తుపాకీ బీరువాలో ఉండాలని చట్టం చెబుతుంది కాబట్టి ఎగోన్ బీరువాలోనే ఉంచేవాడు. ఎండుచేపలు కూడా అందులోనే ఉంచేవాడు. ఫోల్కెకి ఆ చేపలు తలుచుకుంటే కడుపు తరుక్కుపోయేది.

"ఎగోన్, అది నాకిచ్చెయ్. ఎంతంటే అంత," అని ఎన్నిసార్లు అడిగాడో.

"దాంతో ఏం చేస్తావురా?"

"దాచుకుంటాను."

"దాచుకోడానికి అదేమన్నా ఉప్పుచేపట్రా?" అనేవాడు ఎగోన్, పగలబడి నవ్వేవాడు. ఫోల్కె మొహం మాడ్చుకుని వచ్చేసేవాడు.

ఆ వేసవిలో ఎగోన్ మంచం పట్టాడు. వేట మొదలవడానికి కొద్దిరోజుల ముందు పోయాడు. ఈసారి ఫోల్కె కేకు పట్టుకుని వెళ్ళడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు. తనకున్నదంతా జట్టుకే రాసిపోయాడని తెలిసి, ఫోల్కె అన్నం సయించక మూడంకె వేసి పడుకున్నాడు.

అలా ఉండగా సిక్స్‌టెన్ తనంతట తనే వాళ్ళింటికి వచ్చాడు. ఆ మనిషి ఎవరింటికీ ఊరికే వెళ్ళడు. వంటింట్లో కూర్చుని, అక్కడి అలవాటు ప్రకారం కాఫీలో చీజు ముక్కలు వేసుకుని, అవి మెత్తబడ్డాక చెంచాతో తీసుకుని తినేదాకా అసలు సంగతి ఎత్తలేదు. గున్వోర్ పొయ్యి దగ్గరే నిలబడి ఉంది.

"ఎగోన్ ఆస్పత్రిలో నాతో రెండు మాటలు చెప్పాడు," అన్నాడు చివరికి. "తన సామాను మాంసం పంచినట్టే పంచమన్నాడు."

మాంసం పంపకం ఎలాగో ఆ ఊళ్ళో పసివాడికీ తెలుసు. దుప్పిని కోసి, ఎందరు వాటాదార్లుంటే అన్ని కుప్పలు బల్ల మీద పెడతారు. ఒకడు కుప్పలకి వీపు పెట్టి అటు తిరిగి నిలబడతాడు. పెద్దవాడు ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి "ఇది ఎవరికి?" అంటాడు. అటు తిరిగినవాడు చూడకుండా ఒక పేరు చెబుతాడు. ఆ కుప్ప వాళ్ళది. మంచి ముక్క వచ్చిందని ఎగిరేవాడూ ఉండడు, ఎముకలొచ్చాయని సణిగేవాడూ ఉండడు. చూడనివాడు పంచిన పంపకానికి తిరుగు లేదు.

"రెండో మాటేమిటి?" అంది గున్వోర్, ఆగలేక.

"ఫోల్కెని అటు తిప్పి నిలబెట్టమన్నాడు."

ఫోల్కె కప్పు కింద పెట్టేశాడు. కొత్తవాణ్ణి జట్టులోకి తీసుకునేది అలాగే. సంతకాల్లేవు, ప్రమాణాల్లేవు. వీపు పెట్టి నిలబెట్టి పేర్లు పిలవమంటారు. పిలిచేశాక కాఫీ పోసి, నీ కావలిచోటు ఇదీ అని చెబుతారు.

"ఎగోన్ చోటు ఖాళీ అయింది, బురదనేల అంచున ఉండేది," అన్నాడు సిక్స్‌టెన్ లేచి టోపీ పెట్టుకుంటూ. "నీకు నేల లేకపోయినా సరే, మేం ఆరుగురం ఒప్పుకున్నాం. కుప్పల్లో నీకూ ఒకటి ఉంటుంది. శనివారం పాక దగ్గరికి రా."

ఆ సాయంత్రం ఫోల్కె మనిషిలా ఉన్నాడు. ఉన్నమాట చెప్పుకోవాలి. వాళ్ళ నాన్న ఉన్ని కోటు అటక మీంచి దింపమన్నాడు. గున్వోర్ చిమ్మటలు కొట్టిన చోట్ల రఫూ చేస్తుంటే పక్కనే కూర్చుని, చిన్నప్పుడు నాన్న వెంట మంచులో వెళ్ళిన కబుర్లు చెప్పాడు. ఆవిడ ఆ కబుర్లు పెళ్ళయ్యాక వినడం అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకుంది కూడా. పాపం, ఆవిడకి ఆశ ఎక్కువ.

తెల్లారేసరికి బుద్ధి యథాస్థానానికి వచ్చింది. ఆరుగురూ తానూ, ఏడు కుప్పలు. ఎగోన్‌కి తుపాకులు మూడు. ఒకటి దుర్భిణి బిగించిన స్వీడన్ తుపాకీ, జట్టులో అందరి కన్నూ దాని మీదే. ఒకటి కర్రకి టేపు చుట్టిన డొక్కుది. మూడోది మౌజర్. అది ఏ మొరటు చేతిలో పడుతుందో, ఏ ట్రాక్టరు సీటు వెనక దొర్లుతుందో అనుకున్నకొద్దీ ఫోల్కె ప్రాణం విలవిల్లాడింది. నేలమాళిగలోకి దిగి బీరువా మధ్యలో ఒక తుపాకీ పట్టేంత జాగా చేశాడు.

గున్వోర్ బంగాళదుంపల కోసం దిగి అది చూసింది. "ఆ ఖాళీ ఎందుకు?"

"ఊరికే."

"ఫోల్కె, జట్టులో చోటిస్తామన్నారు. ఇన్నేళ్ళూ దానికోసమే కదా కుమిలావు. అది చాలదూ?"

"చోటు అమ్మితే ఏమొస్తుంది?" అన్నాడు ఫోల్కె. నవ్వులాటకే అన్నాడనుకుంది ఆవిడ. దుంపలు గిన్నెలో వేసుకుని మెట్లెక్కింది.

శనివారం మధ్యాహ్నం నుంచీ మంచూ వానా కలిసి పడుతోంది. జట్టు పాక ఏటి ఒడ్డున ఉంది. సిమెంటు నేల, పైన దుప్పిని వేలాడదీసే కొక్కేలు, గోడ వారన నీళ్ళ గొట్టం. ఎంత కడిగినా పోని నెత్తురు వాసన. ఆరుగురూ ముందే వచ్చి కాఫీ తాగుతున్నారు. తండ్రి కోటు వేసుకుని వచ్చిన ఫోల్కెని చూసి టూరా అనే ఆవిడ ఈల వేసింది. అడవిలో చెట్లు కొట్టే యంత్రం నడుపుతుంది ఆవిడ, గొంతు కూడా ఆ యంత్రానికి తగ్గట్టే ఉంటుంది.

"అబ్బో, ఆల్బిన్ బాబాయి దిగొచ్చాడ్రా! కోటు సరిపోయింది, ఇంక లోపలి మనిషి సరిపోతే చాలు."

అందరూ నవ్వారు. మంచి నవ్వే. ఫోల్కె కూడా నవ్వాడు, నవ్వుతూనే బల్ల వంక చూశాడు. ఏడు కుప్పలు వరసగా ఉన్నాయి. తుపాకీ లేని కుప్పల్లో గొడ్డలి, కత్తులు, వీపుసంచి, దుర్భిణి, కుక్క మెడ గంట, మసిబట్టిన కాఫీ కెటిలు. కిటికీకి దగ్గరగా, ఏ అలంకారమూ లేకుండా, మౌజర్.

"రా ఫోల్కె. మామూలుగా వాకిట్లోకి మొహం పెట్టి నిలబెడతాం," అన్నాడు సిక్స్‌టెన్. "ఈ వానలో తలుపు తెరవలేం. ఆ కిటికీ వంక తిరుగు."

ఫోల్కె కిటికీ వంక తిరిగాడు. బయట మసకచీకట్లో ఏరు, ఏటి అవతల ఒకప్పుడు వాళ్ళదైన అడవి, అన్నీ బూడిదరంగులో కలిసిపోతున్నాయి. వెనకాల కుర్చీలు జరిగాయి.

"ఇది ఎవరికి?"

"టూరా," అన్నాడు ఫోల్కె. వెనకాల గొడ్డలి తీసిన చప్పుడైంది. "బాగా పదునుంది, థాంక్స్ ఎగోన్!" అంది టూరా.

"ఇది ఎవరికి?"

"రూబెన్."

గోలైపోయింది. దుర్భిణి బిగించిన తుపాకీ రూబెన్‌కి తగిలింది. రూబెన్ తమ్ముడు బెర్టిల్ అన్న వీపు మీద చరిచాడు. "చెయ్యి మంచిదిరా ఫోల్కె!" అని అరిచాడెవరో. అతని వీపు మీద ఆ మెప్పు వెచ్చగా తగిలింది. ఇంతవరకూ అతను చేసిందంతా న్యాయమే.

"ఏం కనబడి చావట్లేదు, లైటెయ్," అన్నాడు సిక్స్‌టెన్. టూరా మీట నొక్కింది.

బయట చీకటి, లోపల వెలుతురు. ఏరు మాయమైంది, అడవి మాయమైంది. కిటికీ గాజులో బల్ల మొత్తం ప్రత్యక్షమైంది.

నిజాయితీ గలవాడైతే కళ్ళు మూసుకునేవాడు. లేదా "అన్నా, ఇక్కణ్ణుంచి కనబడుతోంది, గోనెపట్టా కట్టండి" అనేవాడు. ఒక్క మాటతో పోయేది. కానీ ఫోల్కె పాతికేళ్ళకి పైగా పక్క సీట్లో కూర్చుని పిల్లలకి "ముందు అద్దం చూడు, తర్వాతే కదులు" అని నూరిపోసినవాడు. చూశాడు. బల్ల మీద సిక్స్‌టెన్ చెయ్యి వీపుసంచి మీద వాలింది.

"ఇది ఎవరికి?"

"హెన్నింగ్." గొంతు మామూలుగానే పలికింది. అది చూసి అతనికే ధైర్యం వచ్చింది.

చెయ్యి కదిలింది. టేపు తుపాకీ దాటింది, గంట దాటింది, మౌజర్ మీద వాలింది.

"ఇది ఎవరికి?"

ఫోల్కె ఆలోచిస్తున్నట్టు మెడ గోక్కున్నాడు. "ఊఁ... ఇంకెవరెవరు మిగిలారబ్బా... సరే పోనీ, నాకే ఇవ్వండి."

ఎవరూ అరవలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చేతికొచ్చిన తుపాకీని కళ్ళారా చూసుకుందామని ఫోల్కె గాజులోకి చూపు ఎత్తాడు. మౌజర్ వంక ఒక్కరూ చూడటం లేదు. ఆరుగురూ కిటికీ వంకే చూస్తున్నారు. అతని మొహంలోకి, అతని కళ్ళలోకి.

గాజులో వాళ్ళు అతనికి కనబడితే, అతను వాళ్ళకి కనబడడా? లైటు వేసినప్పటి నుంచీ ఆ కళ్ళు బల్ల మీద చేతి వెంట ఎలా పాకాయో, ఎక్కడ ఆగాయో, అంతా ఆరుగురూ చూశారు. ఊళ్ళో చావుల్ని వెతికి పట్టుకునేవాడికి ఆ చిన్న ముక్క తట్టలేదు.

అప్పుడైనా ఎవరైనా తిట్టి ఉంటే బతికిపోయేవాడు. సిక్స్‌టెన్ తిట్టలేదు. పంపకం మధ్యలో ఆపడం ఆ ఊరి పద్ధతి కాదు. చెయ్యి పక్క కుప్ప మీదికి జరిపాడు.

"ఇది ఎవరికి?"

ఇంకా మూడు కుప్పలున్నాయి. ఫోల్కె వాటికి వీపు పెట్టి నిలబడే ఉండాలి. కళ్ళు మూసుకున్నాడు. ఇప్పుడు మూసుకున్నాడు, మహానుభావుడు. "బెర్టిల్," అన్నాడు. తర్వాత ఇంకో పేరు. ఆఖరిది సిక్స్‌టెన్‌ది. పేరు చెప్పినప్పుడల్లా వెనకాల సామాను తీసిన చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ఆ గొంతు ఎంత సన్నబడిపోయిందంటే, చివరి పేరు గాజుకే వినబడి ఉంటుంది.

ఇటు తిరిగేసరికి అందరూ కోట్లు వేసుకుంటున్నారు. జట్టు కెటిల్లో కాఫీ ఉంది, ఎవరూ పొయ్యలేదు. సిక్స్‌టెన్ మౌజర్‌ని రెండు చేతులా పట్టుకుని తెచ్చి అతనికి అందించాడు, పద్ధతి తప్పకుండా. "లైసెన్సు కాగితం సోమవారం పంపిస్తాను. అప్పటిదాకా పేరుకి జట్టుదే, నీ బీరువాలో ఉంటుంది."

టూరా తలుపు దగ్గర ఆగింది. ఆవిడ మొహంలో కోపం లేదు. చెప్పుకి పేడంటుకుంటే చూసుకుంటామే, ఆ చూపు చూసింది.

"ఫోల్కె, ఆ పాత ఇనపముక్క ఎవరికొచ్చినా నీకే ఇచ్చేద్దామని నువ్వు రాకముందే అనుకున్నాం. నీకు అలాంటివంటే పిచ్చి కదా. ఏదో కొత్తగా వస్తున్నాడు, సంతోషపడతాడనుకున్నాం." గొడ్డలి భుజాన వేసుకుని వానలోకి వెళ్ళిపోయింది.

మిగతావాళ్ళూ వెళ్ళారు. సిక్స్‌టెన్ నేల మీదికి నీళ్ళ గొట్టం వదిలాడు. నెత్తురేమీ లేదు కడగడానికి, అయినా కడిగాడు. ఫోల్కె కాళ్ళ దగ్గరికి నీళ్ళొచ్చేదాకా నిలబడి, సిగ్గు ఎక్కడో పారేసుకున్నవాడు కాబట్టి అడిగేశాడు కూడా: "మరి... బురదనేల దగ్గర చోటు?"

సిక్స్‌టెన్ కుళాయి కట్టాడు. "అడవిలో మా వెనకాల నీ తుపాకీ ఉంటుంది, నీ వెనకాల మా తుపాకులుంటాయి. ఎవడి చోట వాడు అటు తిరిగి నిలబడాలి, వెనక ఏం జరుగుతోందో చూసుకోకూడదు. నీకది చేతకాదు ఫోల్కె." అని లైటు తీసేశాడు.

ఇంట్లో వంటగదంతా ఆవిరి కమ్మేసింది. పండగ రోజుల్లోలా గున్వోర్ దుంపపిండి ఉండల్లో పందిమాంసం ముక్కలు పెట్టి ఉడికిస్తోంది. బల్ల మీద మంచి పళ్ళేలు పెట్టింది, సిక్స్‌టెన్ కూడా వెంట వస్తాడేమోనని మూడు పెట్టింది. తలుపు చప్పుడవగానే గరిట ఆపకుండానే అడిగింది.

"ఇచ్చారా?"

"ఇచ్చారు," అన్నాడు ఫోల్కె.

గున్వోర్ మొహమంతా వెలిగించుకుని ఇటు తిరిగింది. తడిసిన కోటులో మొగుడు, అతని చేతుల్లో తుపాకీ కనబడ్డాయి. అతని మొహంలోకి చూసింది, ఇంకేమీ అడగనక్కర్లేకపోయింది. స్టవ్వు కట్టేసి, ఒక్కో పళ్ళెమే తీసి బీరువాలో పెట్టేసి, మేడ మీదికి వెళ్ళిపోయింది.